సుగ్గికి (పంట కోతల వలసకు) వెళ్లిన ఇంటి పిల్లాడు క్లాసులో మౌనంగా ఉంటే టీచర్‌గా ఏం చేయాలి?

ఆదోని_బయాలజీ
జనవరి 23, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను ఆదోని దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను, తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్‌ని. మూడు రోజులుగా ఒక విషయం మనసును తొలిచేస్తోంది, ఇంట్లో చెప్పుకున్నా తేలిక కాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నా క్లాసులో ఒక పిల్లాడు ఉన్నాడు. ఎనిమిదిలో ఉన్నప్పుడు ఏ ప్రశ్న అడిగినా ముందు వాడి చెయ్యే లేచేది. దీపావళి తర్వాత మెల్లగా మారిపోయాడు. మొదటి పీరియడ్ సగం అయ్యాక వస్తాడు, చివరి బెంచీలో కూర్చుంటాడు, రెండో పీరియడ్‌కల్లా తల బల్ల మీద వాల్చేస్తాడు. పిలిస్తే లేస్తాడు, ఏమీ అనడు. నోట్సు లేదు, హోంవర్కు లేదు. సంక్రాంతి సెలవుల ముందు ఒక రోజు ఓపిక పట్టలేక అందరి ముందూ అరిచాను. "నిద్రపోయేదానికైతే ఇంటికాడే ఉండు" అన్నాను. మర్నాటి నుంచి వాడు రాలేదు.

సెలవులయ్యాక కూడా రాకపోతే ఇంటికి వెళ్లాను. వాళ్ల అవ్వ తలుపు తీసింది. అమ్మానాన్న సుగ్గికి పోయారు, గుంటూరు వైపు మిరపకాయల కోతకు. కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల ఊళ్లు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు, దీపావళి దాటాక చాలా ఇళ్లకు తాళాలే కనిపిస్తాయి, ముందు పత్తి, తర్వాత మిరప, ఉగాదికి గానీ తిరిగి రారు. అవ్వకు కళ్లు సరిగా కనపడవు. ఇంట్లో ఆరేళ్ల చెల్లెలు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి నీళ్లు పట్టేది, పొయ్యి వెలిగించేది, చెల్లెలికి జడ వేసి బడికి దింపేది అంతా వీడే. పద్నాలుగేళ్లు వాడికి.

నేను వెళ్లేసరికి అంట్లు తోముతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నా దగ్గర ఒక శిక్షణ పుస్తకం ఉంది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కార్యక్రమం మొదలుపెట్టింది కదా, ఆయుష్మాన్ భారత్ కింద, ప్రతి స్కూల్‌కు ఇద్దరు టీచర్లను అంబాసిడర్లుగా పెట్టాలని. మా స్కూల్లో ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. పదకొండు అంశాలు ఉంటాయి, అందులో మానసిక ఆరోగ్యం ఒకటి. శిక్షణకు వెళ్లొచ్చాను, చార్టు కూడా గోడకు అంటించాను. ఆ చార్టు కిందే ఆ పిల్లాడు రెండు నెలలు తల వాల్చుకుని కూర్చున్నాడు, నాకు కనపడలేదు.

మా దగ్గర 312 మంది పిల్లలు, 14 మంది టీచర్లం. కౌన్సెలర్ లేరు. వస్తారన్న ఆశ కూడా నాకు లేదు. ఉన్నవాళ్లమే ఏం చేయగలం? మీ స్కూళ్లలో ఎవరైనా ఏదైనా చేసి ఉంటే చెప్పండి, ఉపన్యాసం కాదు, సోమవారం పొద్దున నేను చేయగలిగింది చెప్పండి.


పీఈటీ_నల్గొండ
జనవరి 23, రాత్రి 10.05

మేడం, ముందు మీరు ఆ ఇంటికి వెళ్లారు చూడండి, అదే పెద్ద పని. చాలామందిమి రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేసి ఊరుకుంటాం.

నా అనుభవంలో మగపిల్లలు ఎదురెదురు కూర్చోబెట్టి "ఏమైందిరా" అంటే చచ్చినా చెప్పరు. చేతికి ఏదో ఒక పని ఇవ్వాలి. వాలీబాల్ నెట్ కట్టించండి, ల్యాబ్‌లో సీసాలు తుడిపించండి, పక్కనే మీరూ తుడవండి. పది నిమిషాలు మౌనంగా ఉన్నా పర్వాలేదు, తర్వాత దానంతటదే వస్తుంది మాట. గ్రౌండ్‌లో ఎవడు ఆట మానేసి గోడ దగ్గర నిలబడుతున్నాడో నాకు క్లాస్ టీచర్ల కన్నా ముందు తెలుస్తుంది, కానీ నన్ను ఎవరూ అడగరు, పదో తరగతి పిల్లలకైతే డిసెంబర్ నుంచి ఆటల పీరియడే ఉండదు.


పాత_హెడ్‌మాస్టర్
జనవరి 24, ఉదయం 6.15

అమ్మా, మీ పోస్టు రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు. ముప్పై నాలుగేళ్లు సర్వీసు చేశాను, అందులో పదకొండేళ్లు హెచ్‌ఎంగా. మీరు చెప్పిన లాంటి పిల్లలు నా స్కూల్లో ఎంతమంది ఉండి ఉంటారో ఇప్పుడు లెక్క వేసుకుంటున్నాను.

మనకు దత్తత అనే పద్ధతి ఉంది కదా. పదో తరగతి పరీక్షల ముందు తలా పదిమంది పిల్లల్ని టీచర్లకు అప్పగిస్తాం, తెల్లవారి ఫోన్ చేసి లేపుతాం, చదువుతున్నాడా లేదా అని రాత్రి ఇళ్లకు వెళ్లి చూస్తాం. ఆ పద్ధతి పనిచేస్తుంది, నేను చూశాను. అది చదువు కోసం మాత్రమే, పదో తరగతికి మాత్రమే, ఆఖరి మూడు నెలలకు మాత్రమే ఎందుకు ఉండాలి అన్నది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. చివరి మూడేళ్లు ఆరో తరగతి నుంచే మొదలుపెట్టాను. 312 మందిని 14 మందికి పంచితే తలా ఇరవై రెండు మంది వస్తారు. ఆ ఇరవై రెండు మందీ ఒకే క్లాసువాళ్లు కాకుండా కలిపి వేయండి, ఆరో తరగతి పిల్ల, పదో తరగతి పిల్లాడు ఒకే గుంపులో ఉంటే పెద్దవాళ్లు చిన్నవాళ్లను కనిపెట్టుకుంటారు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే టీచర్ దగ్గర పడేలా చూడండి. శుక్రవారం ఆఖరి పీరియడ్ తీసుకోండి. పాఠం వద్దు, నీతి కథ వద్దు. ఒక చిన్న నోటుబుక్ పెట్టుకుని ఒక్కో పిల్లాడికి ఒక పేజీ ఇవ్వండి. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరు వండుతారు, పిల్లాడు ఎక్కడ పడుకుంటాడు, బడికి ఎట్లా వస్తాడు. ఈ నాలుగు రాస్తే చాలు, సగం సంగతులు వాటంతట అవే బయటపడతాయి.

ఆ నోటుబుక్ మాత్రం బీరువాలో తాళం వేసి ఉండాలి. స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ చదివి వినిపించుకునేది కాదు. నా హయాంలో ఒక టీచర్ ఒక పిల్ల ఇంటి గొడవ స్టాఫ్ రూమ్‌లో చెబితే వారానికల్లా ఊరంతా పాకింది, ఆ పిల్ల మళ్లీ మాలో ఎవరికీ ఏదీ చెప్పలేదు. ఆ తప్పు జరగనిచ్చినవాడిని నేను.


వరంగల్_లెక్కలు
జనవరి 24, ఉదయం 8.30

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. నేను కాస్త వేరే మాట చెబుతా, కోపగించుకోవద్దు.

పొద్దున రాగానే ఫోన్‌లో అటెండెన్స్, మధ్యాహ్న భోజనం లెక్క, ఆ తర్వాత ఏదో ఒక ఫార్మాట్ అర్జెంటుగా పంపమని మెసేజ్. యూడైస్ (స్కూళ్ల సమాచార పోర్టల్) వివరాలు, ఆధార్ అప్‌డేట్లు, ఓటర్ల జాబితా. మధ్యలో సిలబస్. ఇప్పుడు పిల్లల మనసు కూడా మేమే చూడాలా? మాకు ఆ చదువు లేదు. తెలిసీ తెలియక ఏదైనా అంటే, రేపు ఏదైనా జరిగితే, బాధ్యులం మేమే అవుతాం. ఇంకో మాట. మా కాలంలో సార్ అంటే భయం ఉండేది, ఆ భయంతోనే చదివాం. ఇప్పుడు గట్టిగా ఒక మాట అనాలన్నా భయపడాల్సి వస్తోంది, దానివల్ల కూడా పిల్లలు చెడుతున్నారని నా అభిప్రాయం.


కూకట్‌పల్లి_అమ్మ
జనవరి 24, ఉదయం 11.20

వరంగల్ సార్, పని ఎక్కువ అన్నది నిజమే, దాని గురించి నేను వాదించను. భయం గురించి మాత్రం ఒక తల్లిగా చెప్తాను.

మా అమ్మాయి ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. పేరు రాయను. ప్రతి వారం పరీక్ష, ప్రతి నెలా ఆ మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. పై సెక్షన్‌కు మంచి టీచర్లు, కింది సెక్షన్‌కు కొత్తగా చేరినవాళ్లు. గ్రూపులో ర్యాంకుల లిస్టు పెడతారు, అందరు తల్లిదండ్రులూ చూస్తారు. ఆగస్టులో మా పాప ఒక సెక్షన్ కిందికి దిగింది. అప్పటి నుంచి సోమవారం వస్తే కడుపునొప్పి. డాక్టర్‌కు చూపించాం, స్కానింగ్ తీశాం, ఏమీ లేదన్నారు. నేను కూడా నమ్మక "నాటకాలు ఆడకు" అన్నాను. ఒకరోజు తల దువ్వుతుంటే నడినెత్తిన రూపాయి బిళ్లంత చోట జుట్టు లేదు. చదువుకునేటప్పుడు తెలియకుండానే పీక్కుంటోందట. ఆ రోజు నేను దువ్వెన పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను.

స్కూల్‌కు వెళ్లి అడిగితే కౌన్సెలర్ ఉన్నారన్నారు. ఉన్నారు, కానీ ఆవిడ పని అడ్మిషన్ల సమయంలో తల్లిదండ్రులతో మాట్లాడటం. అందుకే ఆదోని మేడం, కౌన్సెలర్ లేరని మరీ కుంగిపోకండి. ఉన్న చోట కూడా ఇదీ పరిస్థితి.


నంద్యాల_కౌన్సెలర్
జనవరి 24, మధ్యాహ్నం 2.10

నేను సైకాలజీ చదివి, ఆరేళ్లుగా స్కూళ్లలో పిల్లలతో పనిచేస్తున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను.

వరంగల్ సార్ భయం న్యాయమైనదే. టీచర్ వైద్యం చేయాల్సిన అవసరం లేదు, చేయకూడదు కూడా. చూడటం, వినడం, తగినవాళ్ల దగ్గరికి చేర్చడం, అంతే మీ పని. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు ముట్టుకుని చూసి ఇంటికి కబురు పెడతాం కదా, దానికి డాక్టర్ చదువు అక్కర్లేదు. ఇదీ అంతే.

ఏం చూడాలి? మార్పు చూడండి. ఎప్పుడూ అల్లరి చేసేవాడు అల్లరి చేస్తే కంగారు లేదు, ఎప్పుడూ మాట్లాడే పిల్ల రెండు వారాలుగా మాట్లాడకపోతే చూడాలి. అన్నం మానేయడం, స్నేహితులకు దూరం జరగడం, నిద్ర, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, తనకు ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం, "నేను లేకపోతే మా వాళ్లకు బాగుంటుంది" లాంటి మాట. ఆఖరివి రెండూ కనపడితే ఆ రోజే పట్టించుకోవాలి, రేపటికి వాయిదా వేయకండి.

అలాంటి మాట విన్నప్పుడు సూటిగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని టీచర్లు భయపడతారు. పుట్టించదు. చాలామంది పిల్లలు, ఎవరో ఒకరు అడిగారు కదా అని ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో నమ్మకమైన పెద్దవాళ్లను పిలిపించండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లల కోసమే కాదు, ఏం చేయాలో తోచని టీచర్ కూడా ఫోన్ చేసి సలహా అడగొచ్చు. నేను చాలామంది టీచర్ల చేత చేయించాను.

ఒక్క మాట మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి, "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని. పిల్ల చెప్పబోయేది ఏమిటో మీకు ముందు తెలియదు. "నిన్ను కాపాడటానికి ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్తాను, చెప్పేముందు నీకు చెప్తాను" అనండి. లైంగిక వేధింపు సంగతి అయితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, తెలిసీ చెప్పకపోతే అదే నేరం. స్కూల్ పరువు పోతుందని, ఊరి పెద్దలతో మాట్లాడి సర్దుబాటు చేద్దామని అనేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట వినకండి.

కొట్టడం, అవమానించడం గురించి కూడా చెప్పాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. భయంతో చదివి పైకొచ్చినవాళ్లు ఆ కథ చెప్పుకోగలుగుతున్నారు. అదే భయంతో బడి మానేసినవాళ్లు ఇక్కడికొచ్చి పోస్టు రాయరు సార్.


బీసీ_హాస్టల్_2014
జనవరి 24, సాయంత్రం 5.45

నేను టీచర్‌ని కాదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. కౌన్సెలర్ గారు రాసిన చివరి మాట చదివి రాయాలనిపించింది.

పదో తరగతి హాస్టల్‌లో చదివాను. ఆ ఏడాది మా అమ్మ చనిపోయింది. దినాలు అయిపోయాక హాస్టల్‌కు తిరిగొచ్చాను, ఎవరూ ఏమీ అడగలేదు. వార్డెన్ సార్ మంచివాడే, కానీ స్టడీ అవర్స్‌లో కూర్చున్నానా లేదా అన్నదే చూసేవాడు. కూర్చునేవాణ్ని. పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ ఉండేవాణ్ని. వంట చేసే అక్క ఒక రోజు కంచం చూసి అడిగింది, "ఏందిరా, నాలుగు రోజులుగా అన్నం పెట్టించుకుంటున్నావు, పారబోస్తున్నావు" అని. ఆమె ఒక్కతే గమనించింది. ఆ తర్వాత రోజూ అందరూ తిన్నాక తనతో పాటు కూర్చోబెట్టుకుని తినిపించేది. పెద్దగా మాట్లాడేది కూడా కాదు. పచ్చడి వేసేది, ఊరి సంగతులు చెప్పేది.

నేను పాసయ్యాను, చదువుకున్నాను. మేడం, మీ స్కూల్లో మధ్యాహ్నం భోజనం వండేవాళ్లను, ఆయమ్మను, వాచ్‌మెన్‌ను కూడా కలుపుకోండి. పిల్లలు ఎవరికి ఎప్పుడు కనిపిస్తారో చెప్పలేం.


పాత_హెడ్‌మాస్టర్
జనవరి 24, సాయంత్రం 6.20

బాబూ, ఆ తల్లి ఇప్పటికీ ఉంటే ఒకసారి వెళ్లి కలిసిరా.


బీసీ_హాస్టల్_2014
జనవరి 24, సాయంత్రం 6.32

ప్రతి దసరాకు వెళ్తాను సార్. చీర తీసుకెళ్తాను.


కస్తూర్బా_టీచర్
జనవరి 24, రాత్రి 8.50

నేను కేజీబీవీలో, అంటే ఆడపిల్లల కస్తూర్బా గురుకులంలో తెలుగు చెబుతాను, మహబూబ్‌నగర్ వైపు. ఆడపిల్లల సంగతి ఎవరూ రాయలేదు, అందుకని.

మా దగ్గర పిల్ల దిగాలుగా ఉంటే మేం మొదట రెండు చూస్తాం. ఒకటి రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో (2019-21) మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనతతోనే ఉన్నారని తేలింది. క్లాసులో నిద్ర, ఏకాగ్రత లేకపోవడం, చిరాకు, ఇవన్నీ మనసు సంగతే అనుకుంటాం, ఒక్కోసారి అది రక్తం తక్కువై వచ్చిన నీరసం. వారానికి ఒకసారి ఇచ్చే ఐరన్ మాత్ర పిల్లలు నాలుక కింద పెట్టుకుని బయట ఉమ్మేస్తారు, వికారంగా ఉంటుందని. భోజనం తర్వాత మా ఎదుట వేసుకునేలా మార్చాం, కొంచెం ఫలితం కనపడింది. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) డాక్టర్ల బృందం వచ్చినప్పుడు పేర్లు ముందే రాసి పెట్టుకుని ప్రత్యేకంగా చూపించండి, లేకపోతే గుంపులో బరువు, ఎత్తు చూసి పంపేస్తారు.

రెండోది పెళ్లి. పండక్కి ఇంటికెళ్లిన పిల్ల ఆలస్యంగా తిరిగొచ్చినా, కొత్తగా చెవికమ్మలతో వచ్చినా, ఉన్నట్టుండి "ఇంక చదివి ఏం చేస్తాను టీచర్" అన్నా మేం వెంటనే కూర్చోబెట్టి అడుగుతాం. అదే సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అంటే మా తొమ్మిది, పది క్లాసుల్లో ఏ బెంచీ చూసినా ఆ లెక్క కళ్లముందే కూర్చుని ఉంటుంది. పోయినేడు ఒక పిల్ల నోటుబుక్ వెనక పేజీలో తన పేరు పక్కన తేదీ రాసుకుంది. పక్క పిల్ల వచ్చి చెప్పింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం, అధికారులు వెళ్లారు, తల్లిదండ్రులు మా మీద కోపంగా వచ్చారు, మా ఎస్‌ఓ (స్పెషల్ ఆఫీసర్) మేడం గేటు దగ్గర గంటసేపు నిలబడి వాళ్లతో మాట్లాడింది. ఆ పిల్ల ఇప్పుడు పది రాయబోతోంది.

ఆదోని మేడం, మీ పిల్లాడి చెల్లెలిని కూడా చూడండి. ఇలాంటి ఇళ్లలో అన్నకు పద్నాలుగు వచ్చేసరికి ఆ పని చెల్లెలికి దిగుతుంది.


లీడ్స్_తెలుగు
జనవరి 25, ఉదయం 5.10

నేను ఇంగ్లండ్‌లో ఒక సెకండరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌ని. ఇక్కడి గొప్ప చెప్పడానికి కాదు, పాత హెచ్‌ఎం గారు చెప్పిన దత్తత చదివితే ఇక్కడి పద్ధతే గుర్తొచ్చింది, అందుకు రాస్తున్నా.

ఇక్కడ ప్రతి పిల్లాడికీ ఒక ఫార్మ్ ట్యూటర్ ఉంటారు. పొద్దున పాఠాలు మొదలయ్యే ముందు కొద్దిసేపు ఆ గుంపు ఆ టీచర్ దగ్గర కూర్చుంటుంది, హాజరు అక్కడే. ఆ పైన ఒక్కో తరగతికి ఒక హెడ్ ఆఫ్ ఇయర్. వీటన్నిటి మీదా పిల్లల రక్షణ బాధ్యత పేరుపెట్టి అప్పగించిన ఒక సీనియర్ వ్యక్తి ఉండాలి, అది చట్టబద్ధమైన మార్గదర్శకాల్లోనే ఉంది, ప్రతి స్కూల్‌కూ తప్పనిసరి. క్లీనర్ నుంచి నా వరకు ఎవరికి ఏ చిన్న అనుమానం వచ్చినా ఆ రోజే ఆ వ్యక్తికి రాసి ఇవ్వాలి. మేం నిజమా కాదా అని విచారించం, రాసి ఇస్తాం, అంతే. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంటుంది, ఒక్కచోట చేరితేనే బొమ్మ కనపడుతుంది. వంట అక్క చూసిన కంచం, పీఈటీ సారు చూసిన గోడ, మేడం చూసిన నిద్ర, ఈ మూడూ ఒకే మనిషి దగ్గరికి చేరాలి. మీ స్కూల్లో ఆ మనిషి ఎవరో ముందు తేల్చుకోండి.

ఇక్కడా కౌన్సెలింగ్ కోసం పిల్లలు నెలల తరబడి ఎదురుచూస్తారు. అది వచ్చేలోపు పిల్లాణ్ని నిలబెట్టేది ఆ ఫార్మ్ ట్యూటరే.


వరంగల్_లెక్కలు
జనవరి 25, ఉదయం 9.00

హాస్టల్ తమ్ముడి పోస్టు రాత్రి రెండుసార్లు చదివాను. భయం గురించి నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పని భారం గురించి అన్నది మాత్రం అలాగే ఉంచుతున్నా, ఎందుకంటే శుక్రవారం ఆఖరి పీరియడ్ కావాలంటే ఇంకేదో తగ్గాలి, అది తగ్గించే అధికారం హెచ్‌ఎంకూ లేదు, నాకూ లేదు. దీని గురించి చట్టపరంగా ఏమైనా ఉందా, అధికారులకు చూపించడానికి?


నంద్యాల_కౌన్సెలర్
జనవరి 25, ఉదయం 10.40

ఉంది సార్. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పులో పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. అది మన విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసు. ఆ తండ్రి కోర్టుల చుట్టూ తిరగడం వల్ల వచ్చిన తీర్పు. పార్లమెంటో అసెంబ్లీయో చట్టం చేసేదాకా ఇవి దేశంలోని స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ వర్తిస్తాయి.

వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలి. అంతకన్నా చిన్నవైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ. బోధనేతర అన్న మాట గమనించండి, వంట అక్క, వాచ్‌మెన్ వస్తారు అందులోకి. హెల్ప్‌లైన్ నంబర్లు క్లాసుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో పెట్టాలి. పరీక్షల సమయంలో చిన్న చిన్న గుంపులకు మెంటర్లను కేటాయించాలి. కూకట్‌పల్లి మేడం, మీకు పనికొచ్చేది, వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదని, అందరిముందూ అవమానించకూడదని కూడా ఉంది. ఆ తీర్పు కాపీ పట్టుకుని స్కూల్‌కు వెళ్లండి. ఒక్కరు వెళ్తే పక్కన పడేస్తారు, నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లండి.

వరంగల్ సార్, పీరియడ్ అడగడానికి మీ హెచ్‌ఎం దగ్గరికి కూడా ఆ మెంటర్ల మాట పట్టుకునే వెళ్లండి.


కూకట్‌పల్లి_అమ్మ
జనవరి 25, మధ్యాహ్నం 1.15

ఇప్పుడే ఇద్దరు అమ్మలతో మాట్లాడాను. వాళ్ల పిల్లలు కూడా సోమవారం లేవరట. ఇన్నాళ్లూ మా పాప ఒక్కతే అనుకున్నాను.


ఆదోని_బయాలజీ
ఫిబ్రవరి 12, రాత్రి 9.15

మూడు వారాలు ఇక్కడికి రాలేదు, క్షమించండి. జరిగింది చెప్తాను.

ఆ సోమవారం వాడు రాలేదు. మంగళవారం నేనే వెళ్లి, "నేను అందరిముందూ అన్న మాట తప్పు, క్లాసులో కూడా అదే చెప్తాను" అన్నాను. బుధవారం వచ్చాడు. క్లాసులో చెప్పాను కూడా, నేను తొందరపడి అరిచాను, తప్పు నాది అని. పిల్లలు చాలా నిశ్శబ్దంగా విన్నారు. పీఈటీ సార్ చెప్పినట్టు ల్యాబ్ సీసాలు తుడిపించాను. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు, మూడో రోజు బీకరు తుడుస్తూ "మేడం, అవ్వకు రాత్రి పూట అసలేం కనపడదు, పొయ్యి దగ్గర పడతాదేమోనని నిద్ర రాదు" అన్నాడు.

నాలుగున్నరకు లేవడం వల్ల నిద్ర చాలట్లేదు అనుకున్నాను నేను. వాడు రాత్రంతా అవ్వకు కాపలా కాస్తున్నాడు. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నేనే పాఠంలో చెబుతాను.

అందుకని ముందు అవ్వను సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఉచితంగానే, పచ్చ గుడ్డ కట్టుకుని ఇంట్లో ఉంది, చుక్కల మందు చెల్లెలు వేస్తోంది. ఎంఈవో (మండల విద్యాధికారి) గారిని అడిగితే పక్క ప్రైమరీ స్కూల్లో వలస వెళ్లినవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ నడుస్తోందని తెలిసింది. నా స్కూల్‌కు అర కిలోమీటరు దూరం, నాకు తెలియదు! అవ్వను ఒంటరిగా వదిలి అక్కడ పడుకోనన్నాడు. సరే, రాత్రి భోజనం ఇద్దరూ అక్కడ తిని, అవ్వకు పట్టుకుని ఇంటికి వెళ్తున్నారు. రాత్రి వంట తప్పింది. గుంటూరులో ఉన్న తల్లితో నా ఫోన్ నుంచి ఆదివారం మాట్లాడించాను. ఆమె ఏడ్చింది, వాడు ఏడవలేదు, ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు నా పక్కనే కూర్చున్నాడు.

పూర్తిగా మారిపోయాడని చెప్పను. ఇప్పటికీ చెయ్యి ఎత్తడు. నిద్రపోవడం తగ్గింది, ఎఫ్‌ఏ పరీక్ష రాశాడు. కౌన్సెలర్ గారూ, వాడికి ఇంకా ఏమైనా లోపల ఉందేమో నాకు తెలియట్లేదు, మీరు చెప్పినట్టు 14416కు నేనే ఫోన్ చేసి అడిగాను, ఓపిగ్గా విన్నారు, ఇంకో రెండు వారాలు చూసి వాడితోనే మాట్లాడించమన్నారు.

మా హెచ్‌ఎం సార్ మొదట ఒప్పుకోలేదు, పదో తరగతి స్పెషల్ క్లాసులు ఉన్నాయని. తీర్పు చూపించాను, ఆ పిల్లాడి సంగతి కూడా చెప్పాను. తీర్పు కన్నా అవ్వ కళ్ల సంగతే ఆయన్ను కదిలించిందనుకుంటా. పదో తరగతిని పక్కన పెట్టి, ఆరు నుంచి తొమ్మిది దాకా శుక్రవారం ఆఖరి అరగంట ఇచ్చారు. పదో తరగతికే ఎక్కువ అవసరం అని నేను వాదించాను, నెగ్గలేదు. మళ్లీ అడుగుతాను. ఎవరికి ఏ అనుమానం వచ్చినా రాసి ఇవ్వాల్సిన మనిషిగా మా తెలుగు మేడంను పెట్టుకున్నాం, ఆవిడ దగ్గర బీరువా తాళం ఉంటుంది, నోరు కూడా గట్టిది. భోజనం వండే ఇద్దరు అక్కలకు చెప్పాను, కంచం పారబోసేవాళ్లు కనపడితే ఆమెకు చెప్పమని. మొదటి వారంలోనే ఇద్దరు ఆరో తరగతి పిల్లల పేర్లు చెప్పారు.


నంద్యాల_కౌన్సెలర్
ఫిబ్రవరి 12, రాత్రి 9.50

మీరు చేస్తున్నది సరిగ్గానే ఉంది మేడం. వాడు చెయ్యి ఎత్తాలని తొందరపెట్టకండి. ఉగాదికి అమ్మానాన్న తిరిగొచ్చాక ఒక వారం జాగ్రత్తగా చూడండి, ఇన్నాళ్లూ బిగపట్టుకున్నది చాలామంది పిల్లల్లో అప్పుడే బయటికి వస్తుంది, కోపం రూపంలో కూడా రావొచ్చు. తల్లికి ముందే చెప్పి ఉంచండి. మీరు ఎట్లా ఉన్నారు?


ఆదోని_బయాలజీ
ఫిబ్రవరి 12, రాత్రి 10.10

అలసిపోయాను, కానీ నిద్ర పడుతోంది. తల్లికి ఈ ఆదివారం చెప్తాను. రేపు శుక్రవారం. నా గుంపులో తొమ్మిదో తరగతి వరకు పదిహేడు మంది ఉన్నారు, పద్నాలుగు పేజీలు నిండాయి. మిగిలిన ముగ్గురి ఇళ్లలో ఎవరు వండుతారో కూడా నాకింకా తెలియదు. రేపు మధ్యాహ్నం వాళ్ల వరసలోనే కూర్చుని తింటాను.